ఛైర్మన్ గారు కూర్చున్నారు

కురమోచి గారికి ఉన్నది ఒకటే పిచ్చి. పిల్లి కూర్చున్న చోటి నుంచి పిల్లిని లేపకూడదు. ఇల్లు అంటుకున్నా సరే, ముందు అది తనంతట తాను లేవాలి, ఒళ్ళు విరుచుకోవాలి, తీరిగ్గా ఆవలించాలి, తనకు తోచిన దిక్కుకు వెళ్ళాలి. మనం బకెట్టు వెతుక్కోవడం ఆ తర్వాతి సంగతి.

ఇదే పిచ్చి ఏ పింఛను పుచ్చుకునే ముసలాయనకో ఉంటే ఎవరికీ ఇబ్బంది ఉండేది కాదు. కురమోచి గారు బొమ్మల సినిమాల డైరెక్టరు. టోక్యోకి వాయవ్యపు కొసన, నెరిమాలో, సోయా జున్ను అమ్మే ఒక టోఫు కొట్టు మేడ మీద ఆయన స్టూడియో. కంప్యూటర్లు ఇంకా రాని రోజులు. పిల్లి తోక ఊపాలంటే మనిషి కూర్చుని కాగితం తర్వాత కాగితం గీయాల్సిందే. గీసేవాళ్ళు పట్టుమని పాతికమంది లేరు. వాళ్ళ మధ్య ఒక పిల్లి మాత్రం ఉంది. కొట్టు వెనక సైకిళ్ళ షెడ్డులో పుట్టి, సోయా పాల మీద పెరిగి, ఒకనాడు మెట్లెక్కి పైకొచ్చి, మళ్ళీ దిగడం దేనికనుకున్న చారల పిల్లి. ఆడది. దిండంత ఉండేది.

దానికి ఛైర్మన్ అని పేరు పెట్టింది కురమోచి గారే.

"ఏ పనీ చెయ్యరు. ఎక్కడ పడితే అక్కడ నిద్రపోతారు. ఎదురైతే అందరూ పక్కకి తప్పుకోవాలి. మరి ఛైర్మన్ కాక ఇంకెవరు?" అనేవారు.

నిషివాకి చిగుసా ఆ స్టూడియోలో చేరేనాటికి ఆమెకు నిండా పాతికేళ్ళు లేవు. మొదటి రోజు పొద్దున్నే పెన్సిళ్ళన్నీ చెక్కుకుని, జుట్టు బిగించి కట్టుకుని, పెద్ద యుద్ధానికి వెళ్తున్నట్టు వెళ్ళింది. తీరా చూస్తే తన కుర్చీలో పిల్లి.

"ఆ కుర్చీ నాదేనాండీ?" అని అడిగింది.

"నీదే," అన్నారు కురమోచి గారు.

"మరి ఈ పిల్లి..."

"ఛైర్మన్ గారు."

"ఈ ఛైర్మన్ గారు ఎప్పుడు లేస్తారండీ?"

"అలా అడక్కూడదు. నువ్వు నిలబడి గీయి. నడుముకి మంచిది."

మధ్యాహ్నం భోజనాల దాకా చిగుసా నిలబడే గీసింది. ఛైర్మన్ గారు లేచి, బద్ధకంగా వెనక్కి చూసి, 'కుర్చీ పర్వాలేదు' అన్నట్టు తోక ఒకసారి ఊపి వెళ్ళిపోయారు. చిగుసాకి కోపం వచ్చింది. నవ్వూ వచ్చింది. ఆ స్టూడియోలో ఉన్నన్నాళ్ళూ ఆ రెండూ ఆమెకు కలిసే వచ్చేవి.

చలికాలంలో ఒకసారి బిస్కెట్ల కంపెనీ వాళ్ళతో సమావేశం పెట్టారు. సినిమాకు పెట్టుబడి పెట్టేది వాళ్ళు. కురమోచి గారు బయల్దేరబోతే, కొక్కేనికి తగిలించిన కోటు జారి కింద పడి ఉంది, దాని మీద ఛైర్మన్ గారు గుండ్రంగా చుట్టుకుని ఉన్నారు. బయట మంచు. స్టూడియో మేనేజరు ఒసానాయి నెత్తి కొట్టుకున్నాడు.

"డైరెక్టరు గారూ, కోటు లాగెయ్యండి! దానికేం కాదు, ఇంకో చోట పడుకుంటుంది!"

"నిన్నెవరైనా పక్క మీద నుంచి లాగేస్తే ఇంకో చోట పడుకుంటావా?"

"పడుకుంటాను! నాలుగేళ్ళుగా ఇక్కడ కుర్చీలోనేగా పడుకుంటున్నాను!"

కురమోచి గారు కిందికెళ్ళి టోఫు కొట్టాయన దూది కోటు అరువు తెచ్చుకుని, అది తొడుక్కుని వెళ్ళారు. దాని వీపు మీద 'మెత్తని టోఫు' అని జానెడేసి అక్షరాలున్నాయి. బిస్కెట్ల కంపెనీ గుమ్మంలో వాళ్ళు ఆపేశారు.

"టోఫు మేము తెప్పించలేదండీ."

"నేను టోఫు తేలేదండీ. సినిమా డైరెక్టర్ని. నా కోటు మీద మా ఛైర్మన్ గారు పడుకున్నారు."

వాళ్ళు కంగారుపడ్డారు. "అయ్యయ్యో, మీ ఛైర్మన్ గారికి ఒంట్లో బాగాలేదా?"

"బ్రహ్మాండంగా ఉన్నారు. ఇప్పుడే భోంచేశారు."

"మరి కోటు మీద ఎందుకు..."

"మెత్తగా ఉందని."

ఈ సంగతి పై అధికారి దాకా వెళ్ళింది. ఆయన చాలా సేపు ఆలోచించి, నేల మీద పడుకునేంత నిరాడంబరమైన ఛైర్మన్ ఉన్న కంపెనీని నమ్మవచ్చునని తేల్చాడట. సినిమా మొదలైంది. ఒసానాయి మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు.

ఒసానాయిది అసలే బెంగ మనిషి. స్టూడియోలో అన్నిటికంటే వెచ్చగా ఉండేది ఫ్యాక్సు మిషను. కాబట్టి అది ఛైర్మన్ గారి చలికాలపు విడిది. పంపిణీదారు దగ్గర్నుంచి కాగితం వస్తుంటే, అది ఛైర్మన్ గారి పొట్ట కింద నుంచి అంగుళం బయటికొచ్చి ఆగిపోయేది. ఒసానాయి నేల మీద వెల్లకిలా పడుకుని, మెడ తిప్పి, ఆ అంగుళం చదివేవాడు.

"'వెంటనే' అని ఉంది డైరెక్టరు గారూ! వెంటనే ఏం చెయ్యాలో లోపలుంది!"

"ఛైర్మన్ గారు లేవగానే చేద్దాం."

ఇవన్నీ ఒక ఎత్తు. అసలైన చట్టం ఒకటుండేది. ఛైర్మన్ గారు ఎవరి బల్ల మీది కాగితాల మీద కూర్చుంటే, ఆ మనిషికి ఆ పూటకి పని లేదు. కాగితం ముట్టుకోకూడదు, ఇంటికి వెళ్ళిపోవాలి. వేరే బల్ల దగ్గర కూర్చుంటాననడానికి వీల్లేదు. అలా చేస్తే ఛైర్మన్ గారిని అవమానించినట్టు.

"ఛైర్మన్ గారు కూర్చున్నారు," అని కురమోచి గారి గొంతు వినపడేది. అందరి గుండెలూ జారిపోయేవి. ఎవరి నెత్తి మీద పడిందో అని తలలెత్తి చూసేవాళ్ళు. రంగులు వేసే ఒకాయన ఒకనాడు పొద్దున్నే అలా దొరికిపోయాడు. గొణుక్కుంటూ ఇంటికెళ్ళాడు. పిల్లవాడి బళ్ళో ఆ రోజు ఆటల పోటీలని అతనికి అప్పుడు గుర్తొచ్చింది. మర్నాడు వచ్చి, మావాడు పరుగులో ఆఖరి నుంచి రెండోవాడని అందరికీ మొహం వెలిగించుకుని చెప్పాడు.

"మా అబ్బాయి తల తిప్పి నన్ను చూశాడు. చూడకపోతే ఆఖరి నుంచి మూడోవాడయ్యేవాడు!"

అందరూ నవ్వారు. చిగుసా కూడా నవ్వింది. పిల్లికి పని చెడగొట్టడం తెలుసు గానీ పిల్లల ఆటలపోటీలు తెలుస్తాయా?

వాళ్ళు తీస్తున్న సినిమా పేరు 'తడవని మమెజో'. మబ్బుల మీద ఒక ఊరుంటుంది. ఆ ఊళ్ళో ఉండేవన్నీ పిల్లులే. భూమ్మీద వాన కురిపించే ఉద్యోగం వాటిది. చిక్కేమిటంటే పిల్లులకు నీళ్ళంటే భయం. అందుకని గొడుగులేసుకుని, గంబూట్లు తొడుక్కుని, ముక్కులు చిట్లించుకుని, దూరం నుంచి పొడుగాటి గరిటెలతో వాన వొంపుతుంటాయి. వాటిలో మమెజో అనే పిల్లికూన మరీ పిరికిది. కింద ఒక చిన్నపిల్ల కుండీలో మొక్క ఎండిపోతుంటే చూడలేక, చివరికి గొడుగు పారేసి, వానలోకి దూకుతుంది. సినిమా అంతా ఆ దూకుడు కోసమే.

ఆ దృశ్యం కురమోచి గారు చిగుసాకిచ్చారు. పదేళ్ళుగా గీస్తున్నవాళ్ళు ఉండగా ఆమెకిచ్చారు. ఎందుకని ఒసానాయి అడిగితే, "మొదటి రోజు కుర్చీ లేకపోతే ఏడుస్తుందనుకున్నాను. నిలబడి గీసింది," అన్నారట.

చిగుసా ప్రాణం పెట్టింది. మమెజో దూకే ముందు వణికే వణుకు ఉంది చూశారూ, అది కుదరాలి. ముందు మీసాలు వణకాలి, తర్వాత చెవులు, అన్నిటికంటే చివర తోక. గీసింది, చింపింది, మళ్ళీ గీసింది. చెర్రీపూలు రాలిపోయే వేళకు ఆమె కుడి మణికట్టులో, బొటనవేలి వైపు, సూది దిగినట్టు పోటు మొదలైంది. గీత మొదలుపెట్టేటప్పుడు పోటు, ముగించేటప్పుడు పోటు. ఎవరికీ చెప్పలేదు. చెబితే దృశ్యం ఇంకొకరికి పోతుంది. నొప్పి పట్టీ ఇంట్లోనే వేసుకునేది, వచ్చే ముందు పీకేసి సబ్బుతో వాసన కడుక్కునేది. మధ్యాహ్నం నూడుల్సు ఎడమ చేత్తో తినడం మొదలుపెట్టింది.

"కొత్త అలవాటా?" అని పక్కవాళ్ళు అడిగితే, "ఎడమ చేత్తో తింటే మెదడుకి మంచిదట," అంది.

సరిగ్గా ఆ వారంలోనే ఛైర్మన్ గారు ఆమె బల్లకెక్కారు.

"ఛైర్మన్ గారు కూర్చున్నారు," అన్నారు కురమోచి గారు. "నిషివాకీ, ఇంటికెళ్ళు."

వెళ్ళింది. మర్నాడూ అంతే.

"నిన్న కూడా నా బల్లేగా!"

"నచ్చినట్టుంది."

"ఈ గదిలో ఇన్ని బల్లలున్నాయి. ఈవిడకి నా బల్లే దొరికిందా?"

"నీ బల్ల అద్దం కింద దీపం వెచ్చగా ఉంటుంది."

"అందరి బల్లలకీ అదే దీపమండీ!"

"ఆ మాట ఆవిడతో చెప్పు."

చిగుసా పళ్ళు కొరుక్కుంటూ ఇంటికెళ్ళింది. దారి పొడుగునా ఛైర్మన్ గారిని తిట్టింది. ఒళ్ళు తెలియని బద్ధకమనీ, టోఫు తిని టోఫులా తయారైందనీ, తోక తప్ప పనికొచ్చే అవయవం ఒక్కటి లేదనీ. రైల్లో ఎదురుగా కూర్చున్న ముసలావిడ తన గురించే అనుకుని ఇంకో పెట్టెలోకి మారిపోయింది.

మూడోసారి కూర్చున్నప్పుడు చిగుసాకి కోపంతో కళ్ళు కనపడలేదు. రెండు చేతులా పట్టుకుని, ఛైర్మన్ గారిని ఎత్తి, నేల మీద పెట్టేసింది.

గదిలో పెన్సిళ్ళన్నీ ఆగిపోయాయి. ఆ స్టూడియో పుట్టాక ఇలాంటిది జరగలేదు. ఛైర్మన్ గారికి గోళ్ళు దించాలన్న సంగతి కూడా తోచలేదు. తనను ఎత్తడం వీలవుతుందని ఆవిడకు అప్పటిదాకా తెలియదు.

కురమోచి గారు లేచి వచ్చారు. చిగుసా తిట్లకు సిద్ధపడింది. ఆయన ఆమె మొహం చూడలేదు. బల్ల మీది బొమ్మను చూశారు. మమెజో మీసాల దగ్గర గీతను చాలాసేపు చూశారు. తర్వాత ఛైర్మన్ గారి వైపు తిరిగి, నడుము వంచి, "మన్నించాలి. చిన్నపిల్ల, తొందర," అని వెళ్ళిపోయారు.

ఆమె పంతం పట్టి సాయంత్రం దాకా గీసింది. మర్నాడు పొద్దున్న తల దువ్వుకుంటుంటే దువ్వెన చేతిలోంచి జారిపోయింది. తీసుకుంది. మళ్ళీ జారింది.

ఎలాగో స్టూడియోకి వెళితే బల్ల ఖాళీగా ఉంది. మమెజో కాగితాల కట్ట మొత్తం కురమోచి గారి బల్ల మీద ఉంది. దాని మీద ఛైర్మన్ గారు.

"ఆ దృశ్యం మీద ఛైర్మన్ గారు కూర్చున్నారు," అన్నారు కురమోచి గారు. "ఆవిడ లేచేదాకా ఎవరూ ముట్టుకోరు. నిషివాకీ, ఆవిడ లేవగానే కబురు చేస్తాను. అందాకా రాకు."

"అంటే నన్ను తీసేశారా?"

"తీసెయ్యడమేమిటి? దృశ్యం నీదే. ఇంకొకరికి ఇవ్వను. ఆవిడ లేవాలి, అంతే."

ఆవిడ వారాలు గడిచినా లేవలేదు. లేవలేదంటే, తిండికి లేచేవారు, పచార్లకు వెళ్ళేవారు, కిటికీలోంచి కాకుల్ని తిట్టి వచ్చేవారు. కానీ ఒసానాయి ఇదే సందనుకుని కాగితాల మీద చెయ్యి వెయ్యబోతే, కురమోచి గారు అడ్డంపడేవారు. "ఆవిడ మనసు ఇంకా ఇక్కడే ఉంది."

"మనసా!" ఒసానాయి గొంతు కీచుమనేది. "డైరెక్టరు గారూ, వేసవి సెలవులకి విడుదల! ఆ దృశ్యం ఇంకొకరికిస్తే వారంలో గీసేస్తారు!"

"గీసేస్తారు. కానీ ఛైర్మన్ గారు కూర్చున్నారే."

ఇంట్లో చిగుసా చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. గీయడానికి కాగితం లేదు, వెళ్ళడానికి స్టూడియో లేదు. కిటికీలోంచి వాన చూసింది. ఛైర్మన్ గారిని తిట్టడంలో కొత్త మాటలు కనిపెట్టింది. కోపంలో ఉన్న మనిషికి చెయ్యి ఎప్పుడు నయమైందో తెలియలేదు. ఒకరోజు సీసా మూత బిగుసుకుపోతే కుడి చేత్తో తిప్పింది. మూత వచ్చింది. పోటు రాలేదు.

రెండు రోజులకి కబురొచ్చింది. ఛైర్మన్ గారు లేచారట.

ఆ దృశ్యం చిగుసా ఊపిరి బిగబట్టినట్టు గీసింది. ఎక్కడా చింపలేదు. గొడుగు పారేసి, మీసాలు వణికి, చెవులు వణికి, తోక వణికి, మమెజో దూకింది. కురమోచి గారు ఆ కాగితాలను వేళ్ళ మధ్య గబగబా తిప్పి చూసి, కిందికెళ్ళి, టోఫు కొట్లో అందరికీ వేయించిన టోఫు కొనుక్కొచ్చారు.

కానీ వేసవి సెలవులు వెళ్ళిపోయాయి. సినిమా ఆకులు రాలే కాలంలో, పిల్లలందరూ బళ్ళో ఉన్నప్పుడు వచ్చింది. మొదటి రోజు స్టూడియో వాళ్ళంతా హాలుకెళ్ళారు. హాల్లో కుర్చీలు చాలా ఉన్నాయి. మనుషులు లేరు. ముందు వరసలో ఒక తాత, ఆయన పక్కన బడి ఈడు రాని మనవరాలు. మమెజో గొడుగు పారేసి దూకగానే ఆ పిల్ల కుర్చీ మీద లేచి నిలబడి, తన ఎర్ర గొడుగు టక్కున విప్పింది.

హాలు కుర్రాడు పరుగెత్తుకొచ్చాడు. "గొడుగు ముయ్యమ్మా, వెనక వాళ్ళకి కనపడదు!"

"వెనక ఎవరున్నారు బాబూ?" అన్నారు కురమోచి గారు. "మేమే ఉన్నాం. మాకు ఇదే కనపడాలి."

సినిమా నెల తిరక్కుండా పోయింది. కురమోచి గారి పేరు మాత్రం ఊరంతా తెలిసింది. పిల్లి లేవలేదని సినిమా ఆపిన మనిషి. ఎక్కడ నలుగురు బొమ్మలవాళ్ళు కలిసినా ఆ కథే. ఆయనకు మళ్ళీ ఎవరూ సినిమా ఇవ్వలేదు. దొరికిందల్లా కుక్కల తిండి ప్రకటనలు. పాపం, కుక్కల్ని కూడా బాగానే గీశారు. రెండేళ్ళకి టోఫు కొట్టు మేడ ఖాళీ అయింది. ఛైర్మన్ గారు కిందికి దిగి కొట్లోనే స్థిరపడి, నిండు వయసులో, ఎవరూ లేపకుండా, నిద్రలోనే వెళ్ళిపోయారు.

చిగుసా దశ తిరిగింది. మమెజో దూకుడు చూసి ఒక పెద్ద స్టూడియో పిలిచింది. వెళ్ళింది, పైకొచ్చింది. పార్టీల్లో ఎవరైనా అడిగితే పిల్లి కథ తను కూడా చెప్పేది. గొంతు మార్చి, "ఆవిడ మనసు ఇంకా ఇక్కడే ఉంది," అంటే జనం కడుపులు పట్టుకునేవాళ్ళు.

చాలా ఏళ్ళ తర్వాత ఒక మధ్యాహ్నం, ఓగికుబో స్టేషన్లో రైలెక్కి తలుపు దగ్గర నిలబడితే, ప్లాట్‌ఫారం మీద కురమోచి గారు కనపడ్డారు. ముసలైపోయారు. చేతిలో ఉల్లికాడల సంచి.

"నిషివాకీ!" అన్నారు ఆయన సంబరంగా. "చెయ్యి ఎలా ఉంది?"

"బాగానే ఆడుతోందండీ! ఇప్పుడు చేతి నిండా పని!"

"చాలు, చాలు," అని ఆయన నవ్వుతూ వంగి నమస్కారం పెట్టారు. తలుపులు మూసుకున్నాయి. రైలు కదిలింది.

రెండు స్టేషన్లు దాటాక చిగుసా చేతిలోని పుస్తకం పేజీ తిప్పబోయి ఆగిపోయింది. ఆయన అడిగింది పని గురించి కాదు. చెయ్యి గురించి. చెయ్యి సంగతి తను ఆయనతో ఎన్నడూ చెప్పలేదే.

దిగి వెనక్కి వెళ్ళాల్సింది. ఆ రోజు ఏదో సమావేశం ఉంది. ఏమిటో ఇప్పుడు గుర్తు కూడా లేదు. ఈ వారం వెళ్దాం, వచ్చే వారం వెళ్దాం, ఈ సినిమా అయిపోగానే వెళ్దాం అనుకుంటూ ఉంది. ఆ సినిమా అయిపోయింది, ఇంకోటి మొదలైంది. ఒక పొద్దున ఒసానాయి ఫోను చేసి, కురమోచి గారు పోయారని చెప్పాడు.

నలభై తొమ్మిదో రోజు కర్మ దాటాక చిగుసా ఆయన ఇంటికి వెళ్ళింది. ఆయన భార్య మసుయే గారు తలుపు తీశారు. చిన్న ఇల్లు. ఫొటోలో కురమోచి గారు ఎవరో మన్నించమని అడిగితే మొహమాటపడుతున్నట్టు నవ్వుతున్నారు. చిగుసా అగరొత్తి వెలిగించి, చేతులు జోడించి కూర్చుంది. అనాల్సింది చాలా ఉంది. ఒసానాయి ముందే వచ్చి, బల్ల దగ్గర బార్లీ టీ తాగుతూ బియ్యపు అప్పచ్చులు నములుతున్నాడు. బట్టతల వచ్చింది. బెంగ పోయింది.

"ఒసానాయి గారూ," అంది చిగుసా, ఆయన ఎదురుగా కూర్చుని. "నా చెయ్యి బాగాలేదని అప్పట్లో డైరెక్టరు గారికి తెలుసా?"

ఒసానాయి నమలడం ఆపాడు. "మీకు ఇప్పుడు తెలిసిందా?"

"అంటే మీకూ తెలుసా!"

"నాకు ఆలస్యంగా, గడువు మీద పడ్డాక తెలిసింది. మీరు పిల్లిని ఎత్తిన రోజే ఆయన గీత చూసి ఖాయం చేసుకున్నాడట. ఇలాగే గీస్తే ఈ అమ్మాయి చెయ్యి పోతుందన్నాడు. సరే, ఆ మాటే పంపిణీదారుతో చెప్పండి, గడువు పెంచుతారు అన్నాను. కొట్టినంత పని చేశాడు. 'పెంచుతారు. ఆ తర్వాత చెయ్యి పాడైన పిల్ల అని ఊరంతా చెప్పుకుంటారు. జన్మలో ఆ అమ్మాయికి పెద్ద దృశ్యం ఇవ్వరు. పిచ్చి డైరెక్టరు అని చెప్పుకోనీ. దానివల్ల ఎవరి చెయ్యీ పోదు' అన్నాడు."

"ఆయనకి సినిమాలు పోయాయిగా," అంది చిగుసా. "నేను ఆ కథ ఎంతమందికి చెప్పి నవ్వించానో..."

"ఆయనా చెప్పేవాడు. మీకంటే బాగా చెప్పేవాడు. ఫ్యాక్సు మిషను దగ్గర నన్ను కూడా కలిపేవాడు, దుర్మార్గుడు."

మసుయే గారు ముక్కలు కోసిన పళ్ళ పళ్ళెం తెచ్చి పెట్టారు. ఆవిడ కూర్చుంటూ అన్నారు:

"ఆ పిల్లి వల్ల నేను పడ్డ అవస్థ ఎవరూ అడగరేం? పొద్దున్నే నా వంటింట్లో ఎండుచేప తురుము గుప్పెడు తీసి జేబులో పోసుకునేవాడు. ఎవరి కాగితాల మీద రుద్దితే పిల్లి వాళ్ళ దగ్గర కూర్చుంటుంది. ఎవరో పాపం పొద్దుటి నుంచీ దగ్గుతున్నాడు, ఎవరింట్లోనో పిల్లాడి ఆటలపోటీలు, ఇలా ఒక్కొక్కరినీ ఇంటికి తోలేవాడు. బట్టలుతికితే తొట్టి నిండా చేపల కంపు. పైగా పిల్లి పక్కనుంటే ఆయనకి ఒళ్ళంతా దద్దుర్లు. ఒక్కసారీ దాని వీపు నిమిరి ఎరగడు. సాయంత్రం రాగానే గుమ్మం బయటే బట్టలన్నీ విప్పించి, తువ్వాలు చుట్టి లోపలికి రానిచ్చేదాన్ని. ఇరుగు పొరుగు ఏమనుకున్నారో!"

చిగుసా ఆవిడ వైపు తిరిగింది.

"ఎందుకండీ అంత అవస్థ? ఇంటికెళ్ళు అని నోటితో చెప్పొచ్చుగా?"

"నేనూ అదే అడిగానమ్మా. 'నేను చెబితే ఆ అమ్మాయి నన్ను తిట్టుకుంటుంది. తిట్టుకుని మర్నాడు నా మొహం చూడలేక బాధపడుతుంది. పిల్లిని తిడితే ఎవరికీ బాధ లేదు' అన్నాడు."

చిగుసా తల దించుకుంది. కళ్ళనీళ్ళు ఎలా ఆపుకోవాలో తెలియక, అరటిపండు ముక్క ఒకటి తీసుకుని చేతిలోనే పట్టుకుంది.

"మసుయే గారూ, నేను ఛైర్మన్ గారిని చాలా తిట్టానండీ. రోజూ తిట్టాను. రైల్లో కూడా తిట్టాను."

"తిట్టాలమ్మా!" అన్నారు మసుయే గారు, ఆ పండు ముక్క తినమని చేత్తో సైగ చేస్తూ. "మరి రోజుకి గుప్పెడు చేప తురుము దానికి ఊరికే పెట్టాడనుకున్నావా?"